తప్పెవరిది అన్న ప్రశ్న నుంచి నష్టమెంత అన్న లెక్క దాకా: ద్విచక్ర వాహన ప్రమాదాల పరిహార చట్టం నడిచిన దారి

రోడ్డు ప్రమాదంలో గాయపడిన మనిషి తన నష్టాన్ని ఎవరి నుంచి, ఏ న్యాయస్థానంలో, ఏ లెక్కన రాబట్టుకోవాలన్న ప్రశ్నలకు భారతీయ చట్టం ఇచ్చిన సమాధానాలు ఒక్క రోజున పుట్టినవి కావు. 1855 నుంచి నేటి వరకు శాసనసభలు కొంత, న్యాయమూర్తులు అంతకంటే ఎక్కువ, ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ వచ్చినవి. ఈ పరిణామాన్ని పరిశీలించడానికి హైదరాబాదులోని జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతం తగిన చోటు. చెక్‌పోస్టు దగ్గర ఒకే సిగ్నల్ కింద కోట్ల రూపాయల కారూ, సినీ కార్మికులు ఉండే కృష్ణానగర్ నుంచి తెల్లవారుజామునే షూటింగుకు బయలుదేరిన లైట్‌మన్ నడిపే పాత బైకూ పక్కపక్కనే నిలబడతాయి. రెండూ ఢీకొన్నప్పుడు ఆ ఇద్దరి నష్టాన్నీ చట్టం ఒకే సూత్రంతో కొలుస్తుంది. ఆ సూత్రంలో వేయవలసిన అంకెలు మాత్రం ఇద్దరి దగ్గరా ఒకే తీరుగా ఉండవు.

వ్యక్తికి జరిగిన హానిపై దావా వేసే హక్కు ఆ వ్యక్తితోనే పోతుందన్నది పాత ఆంగ్ల న్యాయసూత్రం. దాని ప్రకారం మనిషిని గాయపరిచినవాడు నష్టం చెల్లించాలి, చంపినవాడు మాత్రం మృతుని కుటుంబానికి ఏమీ ఇవ్వనక్కరలేదు. ఈ వింతను ఇంగ్లండులో 1846లో లార్డ్ క్యాంప్‌బెల్ పేరుతో ప్రసిద్ధమైన చట్టం సరిదిద్దగా, దాని నమూనాలోనే ఇక్కడ 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. అయితే అది మృతుల కుటుంబాలకే పనికివచ్చింది. బతికి బయటపడిన క్షతగాత్రుడు సాధారణ సివిల్ కోర్టులో దావా వేసి, అడిగిన మొత్తానికి తగ్గ కోర్టు రుసుము ముందుగా కట్టి, ఎదుటివాని నిర్లక్ష్యాన్ని సాక్షులతో రుజువు చేయవలసి వచ్చేది. గెలిచినా వాహన యజమాని దగ్గర ఆస్తి లేకపోతే డిక్రీ కాగితానికే పరిమితమయ్యేది.

ఆ లోటును తీర్చడానికి వచ్చిందే తప్పనిసరి బీమా. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని 8వ అధ్యాయం థర్డ్ పార్టీ బీమాను విధించింది. బీమా ఒప్పందంలో మొదటి పక్షం వాహన యజమాని, రెండవ పక్షం బీమా కంపెనీ; ఆ ఒప్పందంతో సంబంధం లేకపోయినా ఆ వాహనం వల్ల హాని పొందినవాడు మూడవ పక్షం. ఈ అధ్యాయం 1946 జూలై 1 నుంచి గాని అమలుకు రాలేదు. అప్పటికి హైదరాబాదు సంస్థానం నిజాం ఏలుబడిలో ఉంది. 1948లో భారత యూనియన్‌లో కలిసిన తరువాతనే కేంద్ర చట్టాలు ఈ నేలకు క్రమంగా విస్తరించాయి.

నేటి విధానానికి అసలు పునాది 1956 నాటి సవరణ. సివిల్ కోర్టుల జాప్యాన్ని తప్పించడానికి మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునళ్లను, అంటే ప్రమాద పరిహారాన్ని మాత్రమే తేల్చే ప్రత్యేక న్యాయపీఠాలను, ఆ సవరణ ఏర్పరచింది. రుసుము నామమాత్రమైంది, విచారణ పద్ధతి సరళమైంది. హైదరాబాదులో సిటీ సివిల్ కోర్టు చీఫ్ జడ్జి ఈ ట్రిబ్యునల్‌కు చైర్మన్‌గా వ్యవహరిస్తారు. అక్కడ వేసే దరఖాస్తును న్యాయవాదులూ గుమాస్తాలూ ‘ఓ.పి.’ అనో ‘ఎం.వి.ఓ.పి.’ అనో, దానిపై హైకోర్టుకు వెళ్లే అప్పీలును ‘ఎం.ఎ.సి.ఎం.ఎ.’ అనో పిలుస్తారు. రోడ్డు రవాణా సంస్థ బస్సులు బీమా నుంచి మినహాయింపు పొంది సొంత నిధి నుంచే పరిహారం చెల్లించే ఏర్పాటు ఉన్నందున, బస్సు ఢీకొన్న కేసుల్లో ఆర్టీసీయే నేరుగా ప్రతివాది అవుతుంది.

ట్రిబ్యునళ్లు వచ్చిన తొలి దశాబ్దాల్లో జూబ్లీ హిల్స్ ఇంకా రాతిగుట్టలే. సహకార గృహనిర్మాణ సంఘం అక్కడ కాలనీని రూపొందించడం, 1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పడం, మద్రాసు నుంచి చిత్రపరిశ్రమ క్రమంగా తరలిరావడం, ఫిల్మ్ నగర్ వెలియడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఇదే కాలంలో, 1980ల మధ్య నుంచి, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే 100 సీసీ బైకులు మార్కెట్టులోకి వచ్చి మధ్యతరగతికీ కార్మికులకూ అందుబాటయ్యాయి. ఎత్తుపల్లాల మలుపు రోడ్లు, రాత్రి షిఫ్టులు, బైకులు మూడూ ఒకచోట చేరాయి. దేశమంతటా 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో సుమారు 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. కనుక మోటారు ప్రమాద పరిహార చట్టాన్ని నేడు ప్రధానంగా బైకు నడిపేవారి చట్టంగా చదవడమే సబబు.

బీమా ఉన్నా, ట్రిబ్యునల్ ఉన్నా, ఎదుటివాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనిదే పరిహారం లేదని 1977లో సుప్రీంకోర్టు మిను మెహతా కేసులో స్పష్టం చేసింది. వి.ఆర్. కృష్ణయ్యర్ వంటి న్యాయమూర్తులు దీని కాఠిన్యాన్ని గుర్తించి, సాంకేతిక కారణాలపై బాధితులను వట్టి చేతులతో పంపవద్దని 1980 నాటి తీర్పులో ట్రిబ్యునళ్లను హెచ్చరించారు. 1982 సవరణ తొలిసారి ‘తప్పుతో నిమిత్తం లేని బాధ్యత’ను ప్రవేశపెట్టి, మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు నిర్ణయించింది. ఢీకొట్టి ఆగకుండా పోయిన గుర్తు తెలియని వాహనాల కేసుల్లో మరణానికి 5,000, తీవ్ర గాయానికి 1,000 ఇచ్చే నిధీ అప్పుడే మొదలైంది. 1989 జూలై 1న అమలుకు వచ్చిన 1988 చట్టం, 1994 సవరణ ఈ మొత్తాలను పెంచాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి గుర్తు తెలియని వాహనాల కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు లభిస్తున్నాయి. ఎముకలు విరిగి శస్త్రచికిత్స అవసరమైన మనిషికి నేటికీ 50,000 అంటే కార్పొరేట్ ఆసుపత్రిలో అడ్వాన్సుకు కూడా చాలకపోవచ్చు.

అందుచేత నిజమైన పరిహారానికి దారి తప్పును రుజువు చేసే, 1988 చట్టంలోని 166వ సెక్షన్ దరఖాస్తే. రుజువు బరువు మాత్రం కాలక్రమంలో తేలికపడింది. క్రిమినల్ కేసులో వలె సందేహానికి తావులేని రుజువు అక్కరలేదని, సంభావ్యత ఎటు మొగ్గితే అది చాలునని, డ్రైవరు క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారం ఆగదని న్యాయస్థానాలు స్థిరపరిచాయి. ఎదుటి డ్రైవరుకు లైసెన్సు లేదని బీమా కంపెనీ తప్పుకోజూస్తే, ముందు బాధితునికి చెల్లించి తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలన్న పద్ధతిని 2004లో స్వరణ్ సింగ్ తీర్పు బలపరిచింది.

ఇక నష్టం ఎంత అన్న లెక్క. ఈ అంశంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పాత్రను విస్మరించరాదు. 1987లో న్యాయమూర్తి ఎం. జగన్నాథరావు భగవాన్‌దాస్ కేసులో ‘గుణకం’ పద్ధతిని విపులంగా చర్చించగా, తెలుగు నాట ట్రిబ్యునళ్లు చాలాకాలం ఆ తీర్పు బాటలోనే నడిచాయి. గుణకం అంటే కోల్పోయిన వార్షికాదాయాన్ని వయస్సును బట్టి ఎన్ని సంవత్సరాలతో హెచ్చించాలో తెలిపే సంఖ్య. 1994లో సుసమ్మ థామస్ తీర్పుతో సుప్రీంకోర్టు ఈ పద్ధతికే ముద్ర వేసింది. 2009లో సరళా వర్మ తీర్పు ఒక పట్టికను స్థిరపరిచి 15 నుంచి 25 ఏళ్ల వారికి 18, 26 నుంచి 30 ఏళ్ల వారికి 17, ఆపైన వయస్సు పెరిగేకొద్దీ తక్కువగా నిర్ణయించింది. 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం భవిష్యత్తులో ఆదాయం పెరిగే అవకాశాన్నీ లెక్కలో చేర్చి, స్వయం ఉపాధిలో ఉన్న 40 ఏళ్లలోపు వారికి 40 శాతం కలపాలన్నది.

పై సూత్రాలు ఎక్కువగా మరణ కేసుల నుంచి పుట్టాయి. గాయపడి బతికినవారికి అతి ముఖ్యమైనది 2010లో న్యాయమూర్తి ఆర్.వి. రవీంద్రన్ వెలువరించిన రాజ్‌కుమార్ తీర్పు. డాక్టరు ధ్రువపత్రంలో రాసే శారీరక వైకల్య శాతం వేరని, ఆ వైకల్యం వల్ల సంపాదనాశక్తి తగ్గిన శాతం వేరని, పరిహారాన్ని రెండవదానిపైనే కట్టాలని ఆ తీర్పు వివరించింది. ఎడమ చేయి పోయిన డ్రైవరు గాని వడ్రంగి గాని వృత్తినే కోల్పోతాడు. అదే గాయమైన గుమాస్తా తన ఉద్యోగంలో కొనసాగవచ్చు. చిత్రపరిశ్రమలో ఈ భేదం మరీ పదునైనది. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 28 ఏళ్ల కెమెరా అసిస్టెంటు మోకాలు దెబ్బతిని బరువులు మోయలేకపోతే, వృత్తిపరమైన నష్టం 40 శాతమని ట్రిబ్యునల్ భావించిందనుకుందాం. వార్షికాదాయం 1,80,000కు భవిష్యత్ పెరుగుదల 40 శాతం చేర్చితే 2,52,000; అందులో 40 శాతం 1,00,800; దానిని 17తో గుణిస్తే 17,13,600 రూపాయలు. చికిత్స ఖర్చు, నొప్పి, బాధలకు పరిహారం, మంచంపై ఉన్న నెలల వేతనం, సహాయకుని ఖర్చు దీనికి అదనం. డైలాగు రాసే రచయితకు అదే మోకాలి గాయమైతే ఆ శాతం చాలా దిగువన ఉంటుంది.

పై లెక్క అంతా మొదటి అంకెపై నిలబడింది: నెలకు 15,000. జీతపు చీటీ గాని, ఆదాయపు పన్ను రిటర్ను గాని లేని మనిషి ఆ అంకెను ఎలా రుజువు చేయాలి? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఔదార్యంతోనే స్పందించింది. 2008లో ప్రమాదానికి గురై కాలు కోల్పోయిన కూరగాయల వ్యాపారికి పత్రాలు లేకపోయినా నెలకు 6,500 రూపాయల ఆదాయాన్ని 2014 నాటి సయ్యద్ సాదిక్ తీర్పు అంగీకరించింది. అయితే ఊహాజనిత ఆదాయం న్యాయమూర్తి విచక్షణకు లోబడినది కనుక అది సాధారణంగా వాస్తవానికి తక్కువగానే ఉంటుంది. జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు, లైట్‌మన్లు ఇక్కడే నష్టపోతారు. వారికి యూనియన్ కార్డు, సినీ కార్మికుల ఫెడరేషనూ నిర్మాతలూ కుదుర్చుకున్న రోజువారీ వేతన ఒప్పందం, బ్యాంకు ఖాతాలో పడిన చెల్లింపులు, ప్రొడక్షన్ మేనేజరు సాక్ష్యం ఆధారాలు కాగలవు. రోజు వేతనం కాగితంపై రుజువైనా నెలకు ఎన్ని రోజులు పని దొరికిందన్నది వివాదాస్పదంగానే మిగులుతుంది. చేతికి నగదు తీసుకునే అలవాటు కార్మికునికి అన్నిటికంటే ఖరీదైన అలవాటుగా పరిణమించేది ట్రిబ్యునల్‌లోనే.

బైకుకే ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. వెనుక కూర్చున్న మనిషికి చట్టం కోరే కనీస పాలసీ కింద రక్షణ లేదని 2006లో తిలక్ సింగ్ తీర్పు చెప్పింది. సమగ్ర (ప్యాకేజీ) పాలసీ ఉంటే మాత్రం రక్షణ ఉంటుందని 2009లో బీమా నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది. ముగ్గురు ఎక్కినంత మాత్రాన ప్రమాదంలో వారి తప్పు ఉన్నట్టు కాదని, అదే ప్రమాదానికి గాని గాయం తీవ్రతకు గాని కారణమైందని రుజువు కావాలని 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. యజమాని తన బైకుపై తానే జారిపడితే పరిస్థితి వేరు. 2021 సెప్టెంబరు 10న నటుడు సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు జారి గాయపడి, జూబ్లీ హిల్స్ అపోలో ఆసుపత్రిలో చికిత్స పొందిన సంఘటన తెలుగువారందరికీ గుర్తే. అలాంటి ఒంటరి ప్రమాదంలో మూడవ పక్షమే లేదు గనుక యజమానికి మిగిలేది వ్యక్తిగత ప్రమాద బీమా. ద్విచక్ర వాహనాలకు 1 లక్షగా ఉన్న ఆ రక్షణను 2018లో 15 లక్షలకు పెంచారు. స్నేహితుని బైకు అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వస్తాడని, ఆ బైకు బీమా కంపెనీపై మూడవ పక్షంగా క్లెయిం చేయలేడని 2009లో నింగమ్మ తీర్పు నిర్ణయించింది. షూటింగుల మధ్య బైకులు చేతులు మారడం మామూలైన కృష్ణానగర్‌లో ఈ తీర్పు తెలిసినవారు అరుదు.

న్యాయసహాయం చరిత్ర అంత ఉజ్జ్వలమైనది కాదు. ప్రమాద కేసులను పరిహారంలో వాటా చొప్పున ఫీజుకు ఒప్పుకోవడం కోర్టు ఆవరణల్లో పాత ఆనవాయితీ. బార్ కౌన్సిల్ నియమాలు దీనిని నిషేధించాయి. భర్తను ప్రమాదంలో కోల్పోయిన ఒక మహిళ విషయంలో తెలంగాణ నుంచి వచ్చిన అప్పీలుపై 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు అలాంటి శాతం ఫీజు ప్రజాప్రయోజనానికి విరుద్ధమని, దాని కోసం రాయించుకున్న చెక్కుపై నడిచిన కేసు చెల్లదని ప్రకటించింది. అయినా ఆ ఆనవాయితీ పోయిందనడం అమాయకత్వమే. 1995 నవంబరు 9న అమలుకు వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, పరిమిత ఆదాయం గలవారు ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. అదే చట్టం కింద నడిచే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అప్పీలు ఉండదు. సొమ్ము త్వరగా చేతికి వస్తుంది, కాని అవసరంలో ఉన్నవాడు సాధారణంగా తక్కువకే తలూపుతాడు.

పోలీసుల బాధ్యతను ఇటీవలి నిబంధనలు గట్టిగా బిగించాయి. 2022 డిసెంబరు 15 నాటి గోహర్ మహమ్మద్ తీర్పు, అదే ఏడాది వచ్చిన నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సవివర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 2025 మే 5న ప్రకటించిన పథకం కింద ప్రమాద బాధితునికి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు నగదు రహిత చికిత్స అందాలి. ఇవి కాగితంపై నిర్దుష్టమైనవే.

గడువు విషయంలో మాత్రం చట్టం ముందుకు వెళ్లి వెనక్కు వచ్చింది. తొలుత 60 రోజులుగా ఉన్న దరఖాస్తు గడువు తరువాత 6 నెలలైంది; 1994 నవంబరు 14 నుంచి పూర్తిగా తొలగిపోయింది; 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ 6 నెలలుగా తిరిగివచ్చింది. నెలల తరబడి ఆసుపత్రి మంచంపై ఉండే మనిషికి ఇది న్యాయమైన నియమం కాదు, దాని చెల్లుబాటు న్యాయస్థానాల్లో సవాలుకు గురైంది కూడా. ఆ వివాదం ఎలా ముగిసినా బాధితుని బంధువులు దాని ఫలితం కోసం వేచి ఉండరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఆదాయానికి దొరికిన ప్రతి ఆధారం భద్రపరచుకుని, ప్రమాదం జరిగిన 6 నెలల లోపునే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు దాఖలయ్యేలా చూసుకోవాలి. న్యాయవాది ఫీజు భరించలేనివారు వాటా బేరానికి తలవంచక ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లాలి.