మహాకూర్మ ద్వీపము: జనము మరలిన పిమ్మట



తిరునాళ్ళు ముగిసిన మరునాడు కోవెల వీధి యెట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. పందిళ్ళు విప్పుదురు, అంగళ్ళవారు గంపలు సర్దుకొని పోవుదురు, తుదకు ఊరివారు మాత్రము మిగులుదురు. అట్టి మరునాడు ఇంచుమించు ఆరు మాసములు సాగెడి ఊరొకటి అమెరికా దేశమున కలదు. దాని వృత్తాంతము నేడు మనవిచేసెదను.

ఉత్తర అమెరికా నడుమ సముద్రములను తలపించు మంచినీటి సరస్సులు అయిదు కలవు. వానిలో హ్యూరను, మిషిగను అను రెండు సరస్సులు కలియు జలసంధియందు మాకినా అను చిన్న ద్వీపమున్నది. చుట్టుకొలత ఎనిమిది మైళ్ళు. వైశాల్యము నాలుగు చదరపు మైళ్ళకు లోపు. ఇంగ్లీషున ఈ పేరు వ్రాయునప్పుడు తుదను కకారము వ్రాయుదురు గాని పలుకరు. అది ఫ్రెంచివారు విడిచిపోయిన అక్షరము. నీటినుండి చూచినప్పుడు నడుమ ఉబ్బి తాబేటి వీపువలె కానవచ్చుటచే, అచటి ఆదిమజాతులైన ఒడావా, ఒజిబ్వే జనులు దీనిని మహాకూర్మమని తలచి పవిత్రస్థలముగా నెంచిరి. కూర్మావతారము నెరిగిన మనకిది వింతగా తోపదు.

ఈ దీవికి సందడి కాలమొకటి, ఒంటరి కాలమొకటి కలవు. ఈ క్రమము నేటి విహారయాత్రికులతో వచ్చినదని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున, తిరుగుబాటుదారులు దండెత్తుదురని వెఱచి, పాట్రిక్ సింక్లెయిర్ అను ఆంగ్లసేనాని 1779 మొదలు 1781 వఱకు ప్రధానభూమి మీది కోటను ఈ దీవికి మార్చినాడు. అప్పుడు అచటి క్రైస్తవ దేవాలయమును విప్పి, ఆ దూలములను గడ్డకట్టిన సరస్సుమీదుగా శీతకాలమున లాగించి తెచ్చిరి. మనవారు ఏరు దాటుటకు వరద తీయుటకై వేచియుందురు. వారు నీరు గడ్డకట్టుటకై వేచియుండిరి!

కోట వెనుక వర్తకము వచ్చినది. 1815 తరువాత జాన్ జేకబ్ ఆస్టర్ అను ధనికుని కంపెనీ ఈ దీవిని ఉన్నిచర్మముల వ్యాపారమునకు కేంద్రముగా చేసికొన్నది. వేటగాండ్రు చలికాలమంతయు అడవులలో గడిపి, వేసవిలో పడవలనిండ చర్మములతో వచ్చి దిగువారు. తీరమంతయు గుడారములే. కొన్ని వారములు గడచునంతలో అందఱును మరలిపోవువారు. మిగిలిన కొలదిమందిని మంచు కప్పివైచెడిది. ఒక సంగతి చెప్పి ముందునకు సాగెదను. 1822 జూన్ 6వ తేదీన కంపెనీ అంగడిలో తుపాకి పొరపాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను పడవవానికి కడుపున రంధ్రమైనది. అతడు బ్రదికెను గాని రంధ్రము పూడలేదు. కోటలోని వైద్యుడు విలియం బోమాంట్, దారమునకు ఆహారపు ముక్కలు కట్టి ఆ రంధ్రమున దించి, అన్నము జీర్ణమగు విధమును కంటితో చూచి, 1833లో గ్రంథము ప్రకటించెను. జఠరాగ్నిని గూర్చి చదువుకొన్న మనము ఆ రోగి ఓర్పునుగూడ మెచ్చుకొనవలెను.

చర్మముల బేరము సన్నగిల్లగా చేపల బేరము, అదియు తగ్గగా విహారయాత్ర వచ్చినవి. 1875లో దీవిలో అధికభాగమును జాతీయోద్యానముగా చేసిరి. ఆ దేశమున యెల్లోస్టోన్ తరువాత అది రెండవది. 1895లో దానిని మిషిగను రాష్ట్రమున కప్పగించిరి. 1887లో గ్రాండ్ హోటలు వెలసినది. 1898లో గ్రామసభవారు, గుఱ్ఱములు బెదరుచున్నవని మోటారు బండ్లను నిషేధించిరి. ఆ కట్టడి నేటికిని చెల్లుచున్నది. వైద్యమునకు, అగ్నిప్రమాదమునకు ఉంచిన బండ్లు తప్ప వేసవిలో అన్నియు గుఱ్ఱపుబండ్లు, సైకిళ్ళే.

2020 జనాభా లెక్కలలో ఈ ఊరివారు 583 మంది. వేసవిలో ఒక్కొక్క దినమున వేలకొలది జనము ఓడలు దిగుదురు. చక్కెర, వెన్న కలిపి వండిన ఫడ్జి అను మిఠాయి నెగబడి కొనుటచే యాత్రికులకు ఫడ్జీలని పరిహాసనామము పెట్టినారు. అక్టోబరు తుదకు గ్రాండ్ హోటలు తలుపులు మూయుదురు. కూలికి వచ్చినవారు వెడలిపోవుదురు. వందలకొలది గుఱ్ఱములను ఓడల కెక్కించి ప్రధానభూమి మీది పొలములకు పంపుదురు. సరకులు, చెత్త మోయుటకు కొన్నింటినే నిలుపుకొందురు.

అటుపిమ్మట ఊరు ఊరివారిదగును. మరమ్మతులు, కొత్త కట్టడములు ఈ కాలముననే సాగును. బడి యొక్కటే, శిశుతరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు అన్నియు అందే, పిల్లలందఱును కలిసి నూరుగురు లేరు. ఏ బాలుడు ఏ ఇంటివాడో తెలియని ఉపాధ్యాయుడు అచట నుండడు. అది నాబోటి బడిపంతులకు అసూయ కలిగించు విషయము. మంచు పడినంతనే, వేసవిలో నిషిద్ధమైన మోటారు మంచుబండి రూపమున వీధులలోనికి వచ్చును. ఆపద్ధర్మమనగా ఇదియే కాబోలు.

చిక్కంతయు రాకపోకలది. 1957లో జలసంధిమీద గొప్ప వంతెన తెరచిరి గాని, అది ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డునకు పోవునేగాని దీవిని తాకదు. మంచు దట్టమై ఓడలు నిలిచిపోయినప్పుడు చిన్న విమానమే శరణ్యము. ప్రసవమునకైనను పెద్ద రోగమునకైనను ఆవలి యొడ్డు చేరక తప్పదు. పుష్య మాఘములలో సరస్సు గట్టిపడినచో మూడు నాలుగు మైళ్ళ మంచుదారి యేర్పడును. ఊరివారు మంచు మందమును పరీక్షించి, క్రిస్మసు పండుగకు ఇండ్లలో నిలిపిన చెట్లను తెచ్చి దారి పొడవునను పాతుదురు. మంచుతుపానులో బాటసారికి అవియే గుఱుతులు. ఈ దారిన మంచు విఱిగి నీట మునిగి ప్రాణములు విడిచినవారును కలరు. అయినను ఆ దారి పడిన యేడు ఊరికి పండుగే: డబ్బు పోయక, వేళ చూడక ఆవలికి పోయి రావచ్చును.

ఇటీవల శీతకాలములు మెత్తబడి, ఆ దారి యేటేట పడుట లేదు. పడని యేట ఓడ నడచినన్నాళ్ళు ఓడ, లేనినాడు విమానము. వసంతమున ఓడలు మరల నిండుగా తిరుగును, గుఱ్ఱములు దిగును, మే మాసమున గ్రాండ్ హోటలు తలుపులు తెఱతురు.