వరిచేనికి కాపున్న సూక్ష్మజీవి

1855లో బెజవాడ వద్ద ఆనకట్ట ముగిసిన పిమ్మట కృష్ణా డెల్టా వరికి పుట్టినిల్లైనది. 1957లో ప్రకాశం బ్యారేజి దాని స్థానమును గైకొన్నది. అయితే నీరు గల చోట తేమ యుండును; తేమ గల చోట బూజు పుట్టును. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబ మసూరి అన్నమునకు పెట్టినది పేరు. కాని అగ్గితెగులునకు ఇట్టే లొంగును. ఆకుపై కండె ఆకారపు మచ్చలతో మొదలైన ఆ శిలీంధ్రము తుదకు వెన్ను మెడను విరిచి, గింజను తాలు చేయును.

ఈ శత్రువునకు విరుగుడు మట్టిలోనే కలదు. తిండికై పోటీపడు నేలలోని సూక్ష్మజీవులు కొన్ని శిలీంధ్రములను చంపు ద్రవ్యములను స్రవించును. 1950లో అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను విదుషీమణులు, ఒక పొలపు మట్టిలో దొరకిన జీవినుండి నిస్టాటిన్ అను ఔషధమును సాధించిరి. 1960 దశకమున మన పింప్రీలోని హిందుస్థాన్ యాంటిబయాటిక్స్ వారు పైరు తెగుళ్లకు ఆరియోఫంజిన్‌ను వెలువరించిరి.

అయితే సూక్ష్మజీవి తన అవసరమునకు మించి మందు చేయదు. అందుచేత కిరణములచే, రసాయనములచే దానిలో మార్పులు కలిగించి, వేలకొలది సంతతిలో మేలైన దానిని ఏరుచుండిరి. రైతు విత్తనమునకు మంచి కంకులను ఏరుకొన్నట్లే. 1973లో కోహెన్, బోయర్‌లు ఒక జీవి జన్యువును బాక్టీరియాలో నాటి చూపినంతట ఏరుట పోయి, కూర్చుట వచ్చినది. మందు చేయు జన్యువులను అదనముగా చేర్చవచ్చును. అడ్డుపడు దానిని తొలగింపవచ్చును.

కర్మాగారపు తొట్టిలో ఇది మేలే. మరి పొలములోనో? 1997, 1998లలో హాలెండు గోధుమ చేలలో, ఫెనజిన్ జాతి ద్రవ్యమును చేయునట్లు మార్చిన సూడోమోనాస్‌ను విడిచి పరీక్షించిరి. పంట దిగుబడి చెడలేదు. కాని వేళ్లచుట్టు నున్న ఇతర శిలీంధ్రముల కూర్పు మారినది. తెగులును కొట్టు మందు నిరపరాధులను కూడ తాకినదన్నమాట.

మన దేశమున 1989 నాటి నిబంధనల ప్రకారము అట్టి జీవిని అనుమతి లేనిదే బయట విడువరాదు. నేడు రైతులు విత్తనమునకు పట్టించు సూడోమోనాస్ పొడి, కిలోకు పది గ్రాములు, మార్పులేని సహజ జాతియే.

డెల్టాలో ఒకరి మడి నీరు ప్రక్కవారి మడిలోనికి పారును. మందు చల్లినవాడు మానుకొనవచ్చును. నీటి వెంట పోయిన జీవిని మరల పిలువలేము. కావున ఈ విషయమున నిర్ణయము ఒక్క రైతుది కాదు, కాలువ క్రింది వారందరిది.