మట్టము తప్పని గిన్నె

‘కారు’ అను మాటకు మన భాషలో ‘స్రవించు’ అని మరియొక అర్థము కలదు. పాత చిన్నకారుల విషయమున ఈ రెండవ అర్థము తరచుగా సార్థకమగుచుండును. ఇంజను ముందుమూత ఎత్తగానే గుప్పున పెట్రోలు వాసన వచ్చుట, కార్బ్యురేటరు అడుగున తడి కనిపించుట, నిలిపిన చోట నేలపై మరక పడుట, ఇవి ఆ జబ్బునకు ఆనవాళ్లు. పలువురు దీనికి చేయు చికిత్స ఒక్కటే: పానా తీసికొని కనిపించిన మరనెల్ల బిగించుట. ఈ చికిత్స ఎందుకు ఫలింపదో తెలియవలెనన్నచో, కార్బ్యురేటరు ఎట్లు పుట్టినదో కొంత తెలిసికొనవలెను. ఇంగ్లండులో 1948లో వెలువడిన మోరిస్ మైనరు అను చిన్నకారును ఉదాహరణముగా తీసికొని ఆ కథను చెప్పదలచినాము.

మొదట ఒక హెచ్చరిక. ద్రవరూపమున నున్న పెట్రోలు మండదు. దాని ఆవిరి మండును. గడ్డకట్టించు చలిలో సైతము ఆవిరి విడుచుట దాని స్వభావము. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గావున పైకెగసి పోక, క్రిందికి దిగి, పల్లపుచోట్ల నిలిచియుండును. మోరిస్ మైనరునకు 1952 నుండి అమర్చిన ఇంజనులో గాలిని పీల్చుమార్గము, పొగను విడుచుమార్గము రెండును ఒకే ప్రక్కన ఉండును. అందుచేత కార్బ్యురేటరు సరిగా పొగగొట్టమునకు పైన కూర్చుండును. పైనుండి జారిన చుక్క కాలుచున్న ఇనుముమీద పడునన్న మాట. కావున ఈ కారుడు వట్టి దుబారా మాత్రమే కాదు. అది నిప్పునకు పిలుపు.

ఇక చరిత్ర. పెట్రోలు ఇంజనులో మండవలెనన్నచో గాలితో తగుపాళ్లలో కలియవలెను. బరువున చూచినచో ఒక పాలు పెట్రోలునకు సుమారు పదునైదు పాళ్ల గాలి కావలెను. ఈ కలయికను కూర్చు పరికరమే కార్బ్యురేటరు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో ఈ పని మిక్కిలి సాదాగా జరిగెడిది. ఇంధనమును ఒక పాత్రలో మడుగువలె నిలువచేసి, దానిమీదుగా గాలిని పోనిచ్చెడివారు. గాలి దారిలో ఆవిరిని కలుపుకొని ఇంజనులోనికి పోయెడిది.

ఆ బండిలోనే 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, జర్మనీలోని మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో ఇంధనము తరిగిపోగా, వీస్లోఖ్ అను ఊరిలో ఒక మందులదుకాణమున లిగ్రోయిన్ అను ద్రావకమును కొని పోసికొనెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచెను. కారు ఇంధనమార్గమునకు జరిగిన మరమ్మతులలో, మనకు తెలిసినంతవరకు, పేరు నిలిచిన మొదటిది ఇదియే. అది ఒక గృహిణి చేతిలో, ఇంటి వస్తువుతో జరిగినదని శ్రోతలు గమనింతురుగాక.

అయితే ఈ మడుగుపద్ధతిలో ఒక లోపము ఉండెను. ఇంధనములోని తేలికభాగములు మొదట ఆవిరియైపోయి, బరువుభాగములు అడుగున మిగిలిపోయెడివి. బయలుదేరినపుడున్న బలము గంట గడచిన పిదప ఉండెడిది కాదు. దీనికి విరుగుడుగా, ఆవిరిని కాక ఇంధనమునే సన్నని తుంపరగా గాలిలోనికి చిమ్మించు ఉపాయమును 1893లో రెండుచోట్ల కనిపెట్టిరి. హంగరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంకా అను ఇంజనీర్లు ఒకవైపు; జర్మనీలో డైమ్లరు సహచరుడు విల్‌హెల్మ్ మేబాఖ్ మరియొకవైపు. గాలి వేగముగా పోవు దారిలో ఒక సన్నని రంధ్రము నుంచినచో, ఆ గాలి ఈడ్పునకు ఇంధనము పైకివచ్చి తుంపరయై కలిసిపోవును. ఆ రంధ్రమునకే జెట్టు అని పేరు.

తుంపర సులభముగనే వచ్చినది. కష్టమంతయు మట్టమును నిలుపుటలో ఉన్నది. జెట్టులో పెట్రోలు ఎల్లప్పుడును దాని మూతికి కొద్దిగా దిగువను నిలిచియుండవలెను. మరీ దిగువనున్నచో గాలి దానిని ఈడ్వలేదు. ఇంజను ఆకలితో దగ్గును. మూతిని దాటినచో ఇంజను ఆగియున్నను పెట్రోలు తనంత తానే పొర్లును. ఈ మట్టమును కాపాడుటకే జెట్టు ప్రక్కన ఒక చిన్న గిన్నెను, గిన్నెలో ఇత్తడితో చేసిన డొల్లబుడ్డిని అమర్చిరి. దానిని ఫ్లోటు అందురు. పెట్రోలు పెరిగినకొలది బుడ్డి తేలుచు పైకివచ్చి, ఒక సూదిని పైనున్న రంధ్రములోనికి నెట్టి పెట్రోలు రాకను ఆపును. పెట్రోలు తరిగినపుడు బుడ్డి దిగును, సూది జారును, దారి తెరచుకొనును. మన మేడలమీది నీళ్లతొట్టిలో తేలుచు కొళాయిని మూయు బంతి చేయు పని ఇదియే. ఈ ఉపాయము ప్రాచీనమైనది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో క్తేసిబియోస్ నిర్మించిన నీటిగడియారములో ఇట్టి తేలుడుకవాటము ఉండెనని శాస్త్రచరిత్రకారులు చెప్పుదురు.

మోరిస్ మైనరులోని కార్బ్యురేటరు ఎస్.యు. అను జాతికి చెందినది. స్కిన్నర్ యూనియన్ అను మాటలకు అది సంక్షేపము. లిల్లీ అండ్ స్కిన్నర్ అను పాదరక్షల వ్యాపారసంస్థకు చెందిన కుటుంబములోని జార్జి హెర్బర్ట్ స్కిన్నరు 1905 ప్రాంతమున దీనిని రూపొందించెను. ఇంజను కోరిక ననుసరించి గాలిదారియు, జెట్టు తెరపియు రెండును తమంత తామే పెరుగుచు తరుగుచు ఉండుట ఇందలి విశేషము. మొదట వాని కదలికకు కొలిమితిత్తివంటి తోలుతిత్తిని వాడిరి. చెప్పుల వర్తకుని ఇంట తోలు కొరత ఏమున్నది! తరువాత తోలునకు బదులు లోహపు ముషలకము వచ్చినది. దాని అడుగుననున్న సన్నని సూది జెట్టులోనికి దిగి, లేచి, పెట్రోలును కొలిచి ఇచ్చును. 1910లో సంస్థ ఏర్పడినది. 1926లో విలియం మోరిస్ దానిని కొనెను.

మోరిస్ మైనరును రూపొందించిన అలెక్ ఇస్సిగోనిస్ 1906లో నేటి టర్కీలోని ఇజ్మీరు నగరమున జన్మించెను. పదిలక్షల సంఖ్యను చేరిన బ్రిటిషు కారులలో మైనరే మొదటిది. 1960 చివరకు ఆ సంఖ్య పూర్తియైనది. మనదేశమున హిందుస్థాన్ మోటార్సువారు దీనినే బేబీ హిందుస్థాన్ అను పేరుతో తయారుచేసిరి. అదే మోరిస్ వంశమున, ఆక్స్‌ఫర్డు అను పెద్దకారు నుండి పుట్టిన అంబాసడరు 1957 నుండి 2014 వరకు బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారైనది. ఆ అంబాసడర్లలో పెక్కింటికి ఎస్.యు. కార్బ్యురేటరే ఉండెడిది. కావున క్రింద చెప్పబోవునది మన పట్టణములలోని పాత మెకానికులకు కొత్తవిషయము కాదు.

ఇక మరమ్మతు. ఇంజను చల్లారిన పిదప, ఆరుబయట, దగ్గరలో దీపముగాని చుట్టగాని లేని చోట ఈ పని చేయవలెను. మొదట చేయవలసినది విప్పుట కాదు. కార్బ్యురేటరును గుడ్డతో తుడిచి ఆరబెట్టుట. పిమ్మట తాళపుచెవిని మాత్రము త్రిప్పి, ఇంజను నడపక, వినవలెను. మైనరులోని విద్యుత్పంపు టిక్కు టిక్కుమని కొన్నిమార్లు కొట్టుకొని ఆగినచో గిన్నె నిండినదనియు, సూది దారిని మూసినదనియు అర్థము. ట్యాంకులో పెట్రోలుండియు పంపు ఆగక కొట్టుకొనుచునేయున్నచో, దారి మూతపడుట లేదు. పెట్రోలు ఎక్కడికో పోవుచున్నది. రేడియో ముందు కూర్చుండి వినుటకు అలవాటుపడిన చెవులకు ఈ పరీక్ష కష్టము కాదు. పంపు ఆగియు, అడుగున నెమ్మదిగా తడి చేరుచున్నచో, జబ్బు మరియొకచోట ఉన్నది. తడి మొట్టమొదట ఎక్కడ పుట్టుచున్నదో కనిపెట్టిన పిదప తాళము కట్టి, బ్యాటరీ తీగను విడదీసి, అప్పుడే పానా పట్టవలెను.

గిన్నె మూతవద్ద పొర్లుచున్నచో తప్పు సూదిదో బుడ్డిదో అగును. మూత విప్పి, చీలమేకును లాగి, సూదిని బయటకు తీయవలెను. ఒక్క నలుసు అడ్డుపడినను సూది దారిని మూయలేదు. అట్లయినచో శుభ్రపరచుటయే చాలును. సూది మొనపై ఉంగరమువలె గీత పడియున్నచో అది అరిగినదన్న మాట. అప్పుడు సూదిని, అది కూర్చుండు పీటను జతగా మార్చవలెను. అరిగినదానిపై కొత్తది సరిగా కూర్చుండదు.

తరువాత బుడ్డిని చెవివద్ద ఆడించి చూడవలెను. లోపల ద్రవము కదలు చప్పుడు వినిపించినచో బుడ్డికి చిల్లిపడినది. చిల్లిపడిన బుడ్డి తేలదు. తేలనిచో సూది మూయదు. వేడినీటిలో ముంచినచో చిల్లివద్ద బుడగలు వచ్చును. దీనికి బిందెకు మాటువేసినట్లు మాటువేయుట పూర్వమునుండి ఉన్న అలవాటు. కాని అందు రెండు చిక్కులు కలవు. లోపల పెట్రోలు ఆవిరి మిగిలియుండగా నిప్పు చూపుట ప్రాణాపాయము. ఆ గండము గడచినను, వేసిన టంకము బరువునకు బుడ్డి కొంత దిగువను తేలును, సూది ఆలస్యముగా మూయును, మట్టము పెరుగును. కారుట మాన్పుటకు చేసిన పని మరల కారుటకే దారితీయును. బుడ్డిని మార్చుటయే ఉత్తమము.

తడి కార్బ్యురేటరు అడుగున, జెట్టువద్ద పుట్టినచో కథ వేరు. పాత ఎస్.యు.లలో జెట్టు పైకి క్రిందికి జరుగునట్టిది. దానిచుట్టు పెట్రోలు జారకుండ చిన్న బెండు ఉంగరములు ఉండును. ఏండ్లు గడచినకొలది అవి ఎండి కుంచించుకొనిపోవును. కొత్త ఉంగరములను నూనెలో నానబెట్టి అమర్చవలెను. తరువాత జెట్టును సరిగా నడిమికి తేవలెను. పరీక్ష మరల చెవిదే: లోపలి ముషలకమును ఎత్తి విడిచినచో అది అడ్డులేక జారి టక్కుమని స్పష్టముగా పలుకవలెను. పలుకక ఎక్కడనో ఆగినచో సూది జెట్టును ఒరసికొనుచున్నది.

ఇప్పుడు పానా సంగతి తెలిసినది కదా! నలుసును, చిల్లిని, ఎండిన బెండును ఎంత బిగించినను లాభములేదు. పైగా ఈ గిన్నెలు మెత్తని మిశ్రలోహముతో పోసినవి. అతిగా బిగించినచో మూత వంగును, ప్యాకింగు నలుగును, లేనిచోట క్రొత్తగా కారుట మొదలగును.

కార్బ్యురేటరు కాలము ఎందుకు ముగిసినది? అది చెడ్డదని కాదు. పొగలోని విషవాయువులను తగ్గించుటకు గాలి, పెట్రోలు పాళ్లు క్షణక్షణమునకు కచ్చితముగా సరిపడవలసివచ్చెను. తేలు బుడ్డి అంత సున్నితముగా లెక్క కట్టజాలదు. ఐరోపాలో 1990ల దశకమున వచ్చిన నిబంధనలతోను, మనదేశమున 2000 సంవత్సరపు నిబంధనలతోను ఇంజెక్షను పద్ధతి దాని స్థానమును ఆక్రమించినది. ఊపిరి పీల్చు పిల్లల మేలు కోరువారెవరును ఈ మార్పును తప్పుపట్టరు; మేమును తప్పుపట్టము.

కాని పాత బండ్లు కొన్ని ఇంకను తిరుగుచున్నవి. వానికి నేడొక క్రొత్త గండము వచ్చినది. మనదేశమున 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. పాతకాలపు బెండు, రబ్బరు, ప్యాకింగులు ఈ మిశ్రమమునకు ఉద్దేశించినవి కావు, త్వరగా చెడును. నిన్నటివరకు కారని కార్బ్యురేటరు నేడు కారుటకు ఇది యొక కారణము కావచ్చును. ఇథనాలునకు ఓర్చు సూదులు, ఉంగరములు ఇప్పుడు లభించుచున్నవి. ఇంగ్లండులోని సాలిస్‌బరీ పట్టణమున ఎస్.యు. విడిభాగములను నేటికిని తయారుచేయుచున్నారు.

భాగములు కొనవచ్చును. సూది గీతను చూచి, బుడ్డి చప్పుడు విని, రోగమును నిర్ణయించు నేర్పు మాత్రము అంగడిలో దొరకదు. అది వయసుమళ్లిన మెకానికుల చేతులలో ఉన్నది. వారు పనిమాను నాటికి నేర్చుకొన్నవారు లేనిచో వారితోనే పోవును. మీ ఊరిలో అట్టివారు ఉన్నచో, పాతకారు గల యువకులు ఒక ఆదివారము వారివద్దకు పోయి, ప్రక్కన నిలుచుండి చూచి నేర్చుకొనవలెనని మా కోరిక. మరమ్మతు ముగిసిన వెంటనే ఇంజనును నడుపవద్దు. తాళము త్రిప్పి, పంపు ఆగినదాక విని, గిన్నె క్రింద ఒక పొడికాగితమును పరచి, పది నిమిషములు కాచుకొనవలెను. కాగితము పొడిగానే యున్నచో, అప్పుడు బయలుదేరవచ్చును.