ఆకు మీద లేని తేదీ

ఒక పాఠం చివరిసారిగా ఎప్పుడు మారింది? గోదావరి తీరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

రాజరాజనరేంద్రుని ఆస్థానకవి నన్నయభట్టు రచించిన నందంపూడి తామ్రశాసనం క్రీ.శ. 1053 నాటిదని చెప్పగలం. కాలం లెక్క రాగిరేకు మీదే ఉంది. ఆయన భారతానికి ఆ భాగ్యం లేదు. అరణ్యపర్వం నడుమ ఆగిపోగా, 14వ శతాబ్దంలో ఎఱ్ఱన శేషాన్ని పూరించి రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు. చివర తన పేరు చెప్పుకున్నాడు గాని కాలం చెప్పలేదు.

తాటాకు ప్రతుల చివర లేఖకులు ప్రభవ, విభవ అంటూ సంవత్సరనామం వేసేవారు. 60 ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది. పైగా అది ప్రతి రాసిన కాలమే. ఏ పద్యం ఎప్పుడు మారిందో చెప్పదు. అందుకే నన్నయ మాట ఏదో తేల్చడానికి పరిష్కర్తలు ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకోవలసి వచ్చింది.

కంప్యూటరులోని సాదా పాఠమూ తాటాకు వంటిదే. మార్చిన తేదీ ఫైళ్ల వ్యవస్థ లెక్కలో ఉంటుంది గాని అక్షరాల్లో ఉండదు. ఈమెయిలులో వెళ్లిన ప్రతికి దించుకున్న తేదీయే మిగలవచ్చు. ఈమాక్స్ వంటి ఎడిటరులో, పాఠం మొదటి వరుసల్లో కాలముద్రకు చోటుంచి ఆదేశిస్తే, భద్రపరచిన ప్రతిసారీ కొత్త తేదీ తానే వేస్తుంది. నా వ్యాసాలకు ఈ ఏర్పాటు చేసుకున్నాను. రాగిరేకు భాగ్యం వాటికీ దక్కాలని నా ఆశ.