మార్లవాయి నుంచి ఆన్‌లైన్ తరగతి దాకా: మన బడికి పెద్ద ఎవరు?

ఈ ప్రత్యేక సంచికలో మన ఆటపాటల గురించి, జాతరల గురించి, దేవతల గురించి పెద్దలు రాస్తున్నారు. మేము చదువు చరిత్రలో ఒక పాయను ఎత్తుకున్నాము. గిరిజన పిల్లలు బడికి పోవాలని ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. తండాలో, గూడెంలో ఏ తల్లిని అడిగినా ఆ మాటే చెబుతుంది. కానీ ఆ బడిని ఎవరు నడపాలి, హెడ్మాస్టరు కుర్చీలో, ఆపై విద్యాధికారి కుర్చీలో ఎవరు కూర్చోవాలి అనే ప్రశ్నకు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో విద్యా నాయకత్వం మీద పీజీ తర్వాతి చదువు చదవవచ్చునంటున్న ఈ రోజుల్లో ఆ చరిత్రను ఒకసారి తిరిగి చూసుకోవడం అవసరమని మా నమ్మకం.

రాజన్న నీడలో రెండు చదువులు

వేములవాడ అనగానే మనకు రాజన్న గుడి గుర్తుకొస్తుంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు పోయే ముందు ఇక్కడికి వచ్చి, కోడెను కట్టి, మొక్కు చెల్లించి పోవడం ఉత్తర తెలంగాణలో ఆనవాయితీ. అదే వేములవాడకు చదువుల చరిత్ర కూడా ఉంది. పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో పంపకవి ఉండేవాడు. రాజు ఆయనకు అగ్రహారం ఇచ్చాడు. పంపకవి తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. తెలుగు పద్యం ఎంత పాతదో చెప్పేటప్పుడు పండితులు చూపే సాక్ష్యాల్లో ఆ శాసనంలోని కంద పద్యాలు కూడా ఉన్నాయి.

అది కొలువు చదువు, అగ్రహారం చదువు. కొలువుకు దగ్గరైన భాషలకు రాయి మీద చోటు దొరికింది. అడవిలోని గోండి, కొలామి భాషలు ఎక్కువగా నోటి మీదే బతికాయి. గోండుల వంశ చరిత్రను, దేవతల కథలను ప్రధానులు, తోటీలు కిక్రి వాయిస్తూ పాడి తరతరాలకు అందించారు. అదీ చదువే. అయితే ఆ చదువు తెలిసినవారికి సర్కారు కొలువు ఇవ్వలేదు, సర్కారు కాగితం చదివే శక్తి ఆ చదువు వల్ల రాలేదు. ఆ కాగితమే తర్వాత మన భూములను, అడవిని తీసుకుపోయింది.

మార్లవాయి: గురువులను తయారుచేసిన ఊరు

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం ఆ తర్వాతనే నిజాం సర్కారుకు కలిగింది. ఆస్ట్రియా దేశం నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోకి వచ్చి, ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉన్న మార్లవాయిలో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి నివాసం ఉన్నాడు. పట్టాలు లేక భూమి పోవడం, అటవీ సిబ్బంది ఒత్తిడి, వడ్డీ వ్యాపారుల మోసం, వీటన్నిటి వెనక చదువు రాకపోవడం ఒక పెద్ద కారణమని ఆయన గుర్తించాడు.

బడి పెడదామంటే పంతుళ్లు ఎక్కడ? బయటి నుంచి వచ్చినవారికి గోండి రాదు, అడవిలో ఉండబుద్ధి కాదు. అక్షరం వచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మాత్రమే ఉన్నారు. అందుకని 1943లో మార్లవాయిలోనే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలుపెట్టారు. కొద్దిపాటి చదువున్న గోండు యువకులను చేర్చుకొని పంతుళ్లుగా తీర్చిదిద్దారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేశారు. గోండుల కథలే అందులో పాఠాలు. పిల్లవాడు మొదట తన మాటలో చదవడం నేర్చుకొని, తర్వాత వేరే భాషకు పోయేవాడు. ఉపాధ్యాయులతో పాటు చిన్న చిన్న సర్కారు కొలువులకు కావలసినవారినీ అక్కడ తయారు చేశారు. కొన్నేళ్లలోనే చుట్టుపక్కల గూడేల్లో బడులు లేచాయి. ఆ పనిలో కలిసి నడిచిన సేతుమాధవరావు పగడి గోండి భాషకు వ్యాకరణం రాశాడు. ఇప్పటికీ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి.

మార్లవాయి మనకు మూడు సంగతులు చెబుతుంది. గురువును తయారుచేసే చదువే ఊరికి నడిచి వచ్చింది. ఊరివాడే గురువు అయ్యాడు. పిల్లల భాషే మొదటి పాఠం అయ్యింది. ఈ మూడూ కలిసినప్పుడే బడి నిలబడింది.

కుర్చీ మీద హక్కు: వచ్చింది, పోయింది

1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడి, ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. ఉర్దూ, మరాఠీ నడిచిన చోట తెలుగు బడి భాష అయ్యింది. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, హాస్టళ్లు వచ్చాయి, తర్వాత గురుకులాలు వచ్చాయి. బడులు పెరిగాయి కానీ మార్లవాయి పద్ధతి మరుగున పడింది. ఏజెన్సీ బడిలో పోస్టు ఉంటుంది, పంతులు మైదానం నుంచి వచ్చిపోతుంటాడు, పిల్లలకు ఆయన మాట, ఆయనకు పిల్లల మాట అర్థం కాదు.

దీనికి విరుగుడుగా 1986 నవంబరు 5న జీవో 275 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్నది. అది కోర్టుల్లో నలిగింది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గవర్నరుకున్న అధికారంతో ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టుల్లో నూటికి నూరు శాతం గిరిజనులకు కేటాయించారు. ఆ జీవోతో వేలమంది మన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు పంతుళ్లయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవో చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను షరతులతో కాపాడింది.

ఇక్కడ మనవాళ్లు చాలామంది మరిచే సంగతి ఒకటుంది. వేములవాడ, కోనరావుపేట, చందుర్తి, రుద్రంగి వైపున్న మన తండాలు, గూడేలు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. జీవో 3 నీడ మన మీద మొదటి నుంచీ లేదు. మైదానంలో ఉన్న గిరిజనుడు మామూలు రిజర్వేషన్ మీద, తన చదువు మీదే ఆధారపడ్డాడు. ఇప్పుడు ఏజెన్సీ అన్నదమ్ములు కూడా దాదాపు మన స్థితికే వచ్చారు. ఆ హక్కు కోసం పోరాటం ఆగకూడదు. దానితో పాటు, హక్కు కాగితం పోయినా ఎవరూ తీసుకుపోలేని అర్హతను కూడగట్టుకోవాలి. పై చదువు ప్రశ్న మనకు అందుకే ముఖ్యం.

చదువు మళ్లీ ఊరికి వచ్చింది

మార్లవాయి తర్వాత చదువు ఊరికి నడిచి వచ్చిన రెండో సందర్భం దూరవిద్య. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి మన కరీంనగర్ జిల్లా బిడ్డ. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, వచ్చినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ ఛాన్సలర్. తర్వాత యూజీసీ ఛైర్మన్ అయ్యాడు. పదో తరగతితో ఆగిపోయి, కూలికి పోతూ, అర్హత పరీక్ష రాసి తెలుగులోనే డిగ్రీ చదువుకున్న గిరిజనులు మన మధ్య ఎందరో ఉన్నారు. ఆదివారం స్టడీ సెంటరు, పోస్టులో వచ్చే పుస్తకాలు, రేడియో పాఠాలు వారి విశ్వవిద్యాలయం.

మూడో సందర్భం ఆన్‌లైన్. యూజీసీ 2018లో ఆన్‌లైన్ కోర్సులకు నిబంధనలు తెచ్చింది, 2020లో దూరవిద్య, ఆన్‌లైన్ రెండింటికీ కలిపి కొత్త నిబంధనలు ఇచ్చింది. అనుమతి పొందిన విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఇచ్చిన డిగ్రీ, పీజీలు మామూలు డిగ్రీ, పీజీలతో సమానమని 2022లో స్పష్టం చేసింది. బడి వదలకుండా, పిల్లలను వదలకుండా, పొలం వదలకుండా చదవగలగడం మన ఉపాధ్యాయులకు, ముఖ్యంగా ఇంటి బరువు మోసే అక్కచెల్లెళ్లకు చిన్న విషయం కాదు. సిగ్నల్ కోసం ఊరి బయటి గుట్ట ఎక్కవలసి వచ్చినా, హైదరాబాదులో గది కిరాయి కట్టడం కంటే అది సులువే.

పీజీ తర్వాత ఏమి చదవాలి?

ఎమ్మే, ఎమ్మెస్సీ, ఎంఈడీ చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే. అమెరికాలో మాస్టర్స్‌కూ డాక్టరేట్‌కూ మధ్యన ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్ అనే డిగ్రీ ఉంది. ప్రిన్సిపాళ్లు, జిల్లా విద్యాధికారులు కావాలనుకునే ఉపాధ్యాయులు దాన్ని చదువుతారు. చాలా విశ్వవిద్యాలయాలు దాన్ని ఆన్‌లైన్‌లోనే చెబుతాయి. మన దేశంలో సరిగ్గా ఆ మెట్టు లేదు. ఒకప్పుడు ఎంఫిల్ ఉండేది, 2022 నిబంధనలతో అది ఆగిపోయింది. దగ్గరి దారులు రెండున్నాయి. ఒకటి, విద్యా నిర్వహణ, పరిపాలనలో ఇగ్నో ఇచ్చే పీజీ డిప్లొమా వంటి దూరవిద్య కోర్సు. రెండోది, న్యూఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థలో 2012లో ఏర్పడిన పాఠశాల నాయకత్వ కేంద్రం నడిపే ఆన్‌లైన్ కార్యక్రమం. ఆపై పీహెచ్‌డీ ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పీహెచ్‌డీని ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఇవ్వడానికి మన దేశంలో అనుమతి లేదు. విదేశీ సంస్థలతో కలిసి ఆన్‌లైన్ పీహెచ్‌డీ ఇప్పిస్తామనే కంపెనీల ప్రకటనలు నమ్మవద్దని 2022 అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి ప్రకటించాయి. విదేశీ డిగ్రీ ఏదైనా సరే, ఇక్కడి ప్రమోషన్‌కు పనికొస్తుందా లేదా అని ఫీజు కట్టక ముందే మీ శాఖను రాతపూర్వకంగా అడగండి. కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోండి. ఒకప్పుడు వడ్డీ వ్యాపారి కాగితం మీద మన తాతలు చదవకుండానే వేలిముద్ర వేశారు. మనం చదివి సంతకం పెట్టాలి.

కుర్చీ ఎందుకు?

డిగ్రీ కోసమే డిగ్రీ అయితే ఈ వ్యాసం రాయనవసరం లేదు. నాయకత్వ చదువులో చెప్పేవి బడి అభివృద్ధి ప్రణాళిక, బడ్జెట్, పాఠశాల యాజమాన్య కమిటీ, ఉపాధ్యాయులకు తోడ్పాటు, పిల్లల లెక్కలను చదివి అర్థం చేసుకోవడం. ఈ పాఠాలను మన బడిలో పెట్టి చూడండి. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు ఎందుకు రారో, దండారి రోజుల్లో తరగతి ఎందుకు ఖాళీ అవుతుందో, ఆశ్రమ పాఠశాలలో పాపకు జ్వరమొస్తే మొదట ఎవరికి చెప్పాలో మన బిడ్డ హెడ్మాస్టరు అయితే ఒకరు చెప్పనక్కర లేదు. చదువు ఇచ్చేది ఆ తెలివిని ఫైలుగా, ప్రణాళికగా, పై అధికారి కాదనలేని కాగితంగా మార్చే నేర్పు.

భాష విషయంలో ఈ నేర్పు మరీ అవసరం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. వాచకాలు వచ్చాయి, ఉత్సాహం వచ్చింది, తర్వాత చాలాచోట్ల సన్నగిల్లింది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత చేతిరాతల వల్ల గుంజాల గోండి లిపి వెలుగులోకి వచ్చింది. 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఆ లిపి ఫోనుల్లోకి, కంప్యూటర్లలోకి వచ్చే దారి తెరుచుకుంది. కానీ బడి టైంటేబుల్‌లోకి రావాలంటే యూనికోడ్ చాలదు. ఒక హెడ్మాస్టరు పీరియడ్ కేటాయించాలి, ఒక విద్యాధికారి సంతకం పెట్టాలి, ఒక కమిటీ పుస్తకం అచ్చు వేయించాలి. ఆ మూడు కుర్చీల్లో మన భాష విలువ తెలిసినవారు లేకుంటే, పుస్తకం గోదాములోనే ఉండిపోతుంది.

కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల గోడు వినే దర్బారు 1940లలో మొదలైంది. ఇన్నేళ్లుగా మనం ఆ దర్బారులో నిలబడి అడుగుతూనే ఉన్నాము. అడగడం మానవద్దు. కానీ వేదిక మీద కూర్చుని వినేవారిలో, విన్నదాని మీద ఉత్తర్వు రాసేవారిలో మన బిడ్డలు ఇంకా చాలామంది ఉండాలి.

ఈ సంచిక చదివే అన్నలకు, అక్కలకు మా విన్నపం. మీ తండాలో, గూడెంలో పీజీ దాకా చదివి ఆగిపోయిన ఉపాధ్యాయులు ఉంటే వారికి ఈ దారులు చెప్పండి. దరఖాస్తు నింపడంలో తోడు ఉండండి. సంఘం తరఫున ఫీజుకు కొంత చందా పోగుచేయండి, పరీక్షల నెలలో వారి ఇంటి పని పంచుకోండి. మార్లవాయిలో తొలి పంతుళ్లు తయారయ్యేటప్పుడు వారిని పంపింది వాళ్ల ఊళ్లే. తొలి విద్యాధికారులను పంపవలసింది మన ఊళ్లు.