జలాంతర విద్యకు గురువులు
సముద్రమున మునిగి ముత్యములను, శంఖములను వెలికిదెచ్చు విద్య అతిప్రాచీనమే యైనను, వీపున గాలి సిలిండరు ధరించి నీటియడుగున యథేచ్ఛగా సంచరించు స్కూబా విద్య నిన్నమొన్నటిది. దానిని బోధించి జీవించు గురువు వృత్తి అంతకంటెను పిన్నది. 1943లో ఫ్రెంచి నౌకాదళాధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యా కలసి రూపొందించిన ఆక్వాలంగ్ అను పరికరమునందలి రెగ్యులేటరు, ఈతగాడు ఊపిరి పీల్చినప్పుడెల్ల, ఆ లోతునందలి నీటి పీడనమునకు సరితూగు పీడనముతో గాలి నందించుచుండెను. ఈ సౌలభ్యమునందే ప్రమాదమును పొంచియుండెను. పది మీటర్ల లోతున పీల్చిన గాలి ఉపరితలమునకు వచ్చునప్పటికి రెండింతలుగా వ్యాకోచించును; భయముచే ఊపిరి బిగబట్టి పైకి లేచినవాని శ్వాసకోశములు చినిగిపోవచ్చును. పరికరమును అంగడిలో కొనవచ్చును గాని, ఈ జ్ఞానమును విధిగా బోధించు వ్యవస్థ తొలినాళ్ల పౌరులకు లేకుండెను.

నౌకాదళములలో గజఈతగాండ్రకు శిక్షణ నిచ్చు వ్యయము రాజ్యముదే. పౌరజీవనమున ఆ భారము నెవరు వహింపవలెనను ప్రశ్నకు కాలానుగుణముగా లభించిన సమాధానములే ఈ వృత్తి చరిత్ర యని నా యభిప్రాయము. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో కాన్రాడ్ లింబా మొదలగువారు సహశాస్త్రజ్ఞులకు ఈ విద్యను నేర్పినప్పుడు, దానిని పరిశోధనలో భాగముగా నెంచి సంస్థయే పోషించెను. తమ తీరములందు ఈ క్రొత్త వినోదము ప్రబలుట గమనించిన లాస్ ఏంజలెస్ కౌంటీ వారు, తమ ఉద్యోగులైన ఆల్ టిల్‌మన్, బెవ్ మోర్గన్ ప్రభృతులను స్క్రిప్స్‌కు పంపి శిక్షణ నిప్పించి, 1954లో పౌరులకొరకు ఒక శిక్షణ కార్యక్రమమును నెలకొల్పిరి. బోధకులకు పరీక్షపెట్టి యోగ్యతాపత్రము లిచ్చు పద్ధతి పౌరులలో అక్కడినుండియే వేళ్లూనెను. ఉద్యానవనములను, ఆటస్థలములను చూచుకొను ఒక స్థానిక ప్రభుత్వశాఖ ఇంతటి విద్యకు పుట్టినిల్లగుట విచిత్రమే. అందరికిని మార్గదర్శియైన లింబా 1960లో ఫ్రాన్సునందు ఒక జలాంతర్గుహలో ప్రాణములు కోల్పోయెను.

బ్రిటనులో మార్గము వేఱు. 1953లో స్థాపితమైన బ్రిటిష్ సబ్‌ఆక్వా క్లబ్బులో సభ్యులే వేతనము లేక ఒండొరులకు నేర్పుకొనిరి. అచట గురువు చెల్లించిన మూల్యము తన సాయంకాలములు. అమెరికాలో 1960లో టిల్‌మన్, నీల్ హెస్ ప్రభృతుల కృషిచే నౌయీ అను బోధకుల సంఘము వెలసి, హ్యూస్టనులో తొలి శిక్షణ తరగతిని జరిపెను. 1966లో పరికరముల విక్రయవృత్తిలోనున్న జాన్ క్రోనిన్, ఈత శిక్షకుడు రాల్ఫ్ ఎరిక్సన్ కలసి పాడి సంస్థను ప్రారంభించుటతో విద్యకును వర్తకమునకును చుట్టరికము గట్టిపడెను. వర్తకము ప్రవేశించి విద్యను పలుచన చేసెనని పాతకాపులు నిందింతురు. ఆ మాటలో కొంత నిజ మున్నను, దేశదేశములందు ఒకే పాఠము, ఒకే పరీక్ష, ఒకే కార్డు చెల్లుబాటగుట ఆ వర్తకబుద్ధి ఫలమే యని యొప్పుకొనక తప్పదు.

అయితే అంతవరకు రాజ్యమో, సంస్థయో, క్లబ్బో మోసిన భారము నాటినుండి అభ్యర్థి తలపైకి వచ్చెను. నేడు పాడి మార్గమున గురువు కాగోరువాడు ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, డైవ్‌మాస్టర్ సోపానములను ఒక్కొక్కటిగా ఎక్కి, పదునెనిమిదేండ్లు నిండి, 60 డైవ్‌లు లాగ్‌బుక్కున నమోదైన పిమ్మట ఇన్‌స్ట్రక్టర్ శిక్షణలో చేరవలెను. పరీక్షకు నిలుచునాటికి ఆ సంఖ్య 100 కావలెను. వైద్యుని ధ్రువపత్రము, ప్రథమచికిత్స బోధించు అర్హత వేఱుగా ఉండవలెను. ప్రకటనలలో కనబడు రుసుము తరచుగా శిక్షణాకేంద్రమునకు చెందునదే. పుస్తకములు, పరీక్ష రుసుము, యోగ్యతాపత్రపు దరఖాస్తు రుసుము, బీమా, సొంత రెగ్యులేటరు, జాకెట్టు, డైవ్ కంప్యూటరు, బస, భోజనము దానికి వెలుపలివి. ఆ నూరు డైవ్‌లకును పడవ బాడుగ, గాలి వెల ఎవరో చెల్లింపవలసినదే గదా! ధనము లేనివారు కొందరు డైవ్‌మాస్టర్ దశలో జీతము లేక కేంద్రమునకు చాకిరి చేయుదురు: పూర్వము గురుకులమున శిష్యుడు సమిధలు మోసినట్లు వీరు సిలిండర్లు మోయుదురు, కాని ఇచట ఆ సేవవలన లాభము గడించువాడు కేంద్రపు యజమాని.

తెలుగు యువకునకు ఋషికొండ తీరమున ఈ విద్యను రుచిచూచు అవకాశమున్నను, గురుత్వమునకు కావలసినన్ని డైవ్‌లను సమకూర్చుకొనుటకు బహుధా అండమాన్లలోని స్వరాజ్ ద్వీపమునకో, థాయిలాండు దీవులకో పోవలసియుండును. అండమాన్లలో నైరుతి ఋతుపవనములు వీచు మాసములందు సముద్రము కల్లోలమై పర్యాటకులు పలుచబడుటచే, క్రొత్త బోధకుని ఆదాయమును తగ్గును. సంస్థ సభ్యత్వ రుసుము మాత్రము ఏటేట చెల్లింపవలసినదే. చెల్లింపనిచో బోధించు అధికారము నిలిచిపోవును.