బట్ట మీద పన్ను మినహాయింపు: పురానాపూల్ నుంచి ఆన్‌లైన్ అంగడి దాకా

బట్ట మీద పన్ను ఎంత పాతదో, ఆ పన్నులో మినహాయింపులూ అంతే పాతవి. రేట్లు, వసూలు చేసే చోటు, మినహాయింపు పొందేవారు మారుతూ వచ్చారు. ఒకప్పుడు అది విదేశీ కంపెనీకి దక్కింది. తర్వాత మగ్గం బట్టకు, ఆ తర్వాత మిల్లు బట్టకు వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్ వేదికల మీద అమ్మే చిన్న వర్తకుడికి, కొన్ని షరతులతో వర్తిస్తోంది.

వంతెన, కోట, సుంకం

హైదరాబాద్ నగరం 1591లో వెలిసింది. అంతకు ముందే, 1578లో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా మూసీ మీద కట్టించిన వంతెనే పురానాపూల్. గోల్కొండ, కార్వాన్‌ల వైపు నుంచి వచ్చే సరుకు ఈ దారినే నది దాటేది. కార్వాన్ వర్తకుల పేట, గోల్కొండ పాలకుల కోట. వర్తకానికీ ఖజానాకూ మధ్య సుంకం కాపలా ఉండేది. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ వంతెన అందాన్ని పారిస్‌లోని పాంట్‌నెఫ్ వంతెనతో పోల్చాడు. గోల్కొండలో అడుగుపెట్టేవారిని ఉప్పు, పొగాకు దాచారేమోనని కాపలావాళ్లు సోదా చేసేవారనీ రాశాడు. రాజుకు రాబడి ఎక్కువగా ఆ రెంటి మీదే అన్నది ఆయన చెప్పిన కారణం.

ఆ కాలంలో గోల్కొండ రాజ్యం నుంచి సముద్రం దాటి వెళ్లిన ముఖ్యమైన సరుకు బట్ట. మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ, అద్దకం బట్టలు పర్షియాకు, తూర్పు దీవులకు, ఐరోపాకు ఓడలెక్కేవి. 1630 దశకంలో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’ ప్రకారం ఏడాదికి 500 పగోడాలు కడితే చాలు, గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చు. మూట మూటకూ లెక్కకట్టే సుంకం పోయి గుండుగుత్త మొత్తం వచ్చింది. తెలుగు నేలపై నేసిన బట్టకు దొరికిన ఈ పెద్ద రాయితీ నేసినవాడికి కాక కొని తీసుకెళ్లేవాడికి దక్కింది.

నిజాం కాలంలో సుంకాల శాఖను కరోడ్‌గిరి అనేవారు. 1802లో కంపెనీతో కుదిరిన వాణిజ్య ఒప్పందం సుంకాన్ని సరుకు విలువలో 5 శాతంగా నిర్ణయించింది. అప్పట్లో నగరం చుట్టూ ప్రహరీ ఉండేది, లోపలికి రావాలంటే దర్వాజాలే దారి. వాటిలో ఈనాటికి మిగిలినవి రెండే: ఒకటి దబీర్‌పురాలోది, రెండోది పురానాపూల్ దర్వాజా.

అమ్మకపు పన్నులో చేనేత

సరుకు సరిహద్దు దాటినప్పుడు వేసే సుంకం స్థానంలో, అమ్మినప్పుడు వేసే పన్ను 20వ శతాబ్దంలో వచ్చింది. కోస్తా, రాయలసీమ ప్రాంతాలకు అది 1939 నాటి మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టంతో మొదలైంది. చేనేత బట్టకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. అయితే ఆ బట్టను అచ్చంగా చేనేత మాత్రమే అమ్మే వర్తకుడే అమ్మాలి. అదే చీర మిల్లు బట్టలు కూడా ఉన్న దుకాణంలో అమ్ముడైతే మినహాయింపు లేదు.

హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. కరోడ్‌గిరి సుంకాలు క్రమంగా కనుమరుగయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1957లో, రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే అమ్మకపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది.

అదే ఏడాది బట్టల వర్తకాన్ని సుమారు అర్ధ శతాబ్దం పాటు ప్రభావితం చేసిన మార్పు ఢిల్లీలో జరిగింది. 1956 చివర్లో జాతీయాభివృద్ధి మండలిలో కుదిరిన అవగాహన మేరకు రాష్ట్రాలు బట్ట, చక్కెర, పొగాకు మీద అమ్మకపు పన్ను వేయడం మానుకున్నాయి. బదులుగా కేంద్రం మిల్లు దగ్గరే అదనపు ఎక్సైజ్ సుంకం వసూలు చేసి రాష్ట్రాలకు పంచుతుంది. 1957 నాటి అదనపు ఎక్సైజ్ సుంకాల చట్టం ఇందుకోసమే వచ్చింది. దాంతో హైదరాబాద్‌లోని పత్తర్‌గట్టిలో, మదీనా దగ్గర గజాల లెక్కన బట్ట అమ్మే దుకాణదారుకు అమ్మకపు పన్ను బెడద తప్పింది. పన్ను పోలేదు, మిల్లు గేటు దగ్గరే బట్ట ధరలో కలిసిపోయింది. కొనేవారికి మాత్రం అది కనిపించేది కాదు.

ఈ ఏర్పాటు బట్టకే గాని కుట్టిన దుస్తులకు కాదు. తాను నుంచి చించి ఇచ్చిన చొక్కా గుడ్డకు పన్ను లేదు, రెడీమేడ్ చొక్కాకు ఉంది. కత్తెర పడిన బట్టకూ పడని బట్టకూ అప్పుడు ఏర్పడిన ఈ తేడా ఈనాటికీ పోలేదు.

2005లో ఆంధ్రప్రదేశ్ వ్యాట్‌కు మారింది. పాత ఏర్పాటుకు కాలం చెల్లడంతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2011లో బట్ట మీద 5 శాతం వ్యాట్ వేసింది. తరాలుగా పన్ను లెక్క రాయని వర్తకులు దుకాణాలు మూసి ఆందోళనకు దిగారు.

జీఎస్టీ: ధర గీసిన గీత

2017 జులై 1న జీఎస్టీతో బట్ట దేశమంతటా పన్ను పరిధిలోకి వచ్చింది. గుడ్డకు 5 శాతం, 1,000 రూపాయల లోపు దుస్తులకు 5 శాతం, ఆపై ధర వాటికి 12 శాతం. సూరత్ మొదలు హైదరాబాద్ దాకా బట్టల బజార్లు నిరసన తెలిపాయి. 2021 సెప్టెంబరులో లక్నోలో సమావేశమైన జీఎస్టీ మండలి, 2022 జనవరి 1 నుంచి బట్టల మీద 12 శాతం వేయాలని తీర్మానించింది. వ్యతిరేకించిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అమలుకు ఒక్క రోజు ముందు, 2021 డిసెంబరు 31న, మండలి నిర్ణయాన్ని వాయిదా వేసింది. చేనేతకు పన్ను అసలే ఉండకూడదంటూ 2022లో అప్పటి తెలంగాణ మంత్రి కె.టి.రామారావు పోస్టుకార్డుల ఉద్యమం నడిపారు. ఆ కోరిక తీరలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి గీత జరిగింది. 2,500 రూపాయల లోపు దుస్తులకు 5 శాతం, ఆపై వాటికి 18 శాతం. చీరను మాత్రం చట్టం కుట్టని గుడ్డగానే చూస్తుంది గనుక ధర ఎంతైనా 5 శాతమే. 12,000 రూపాయల గద్వాల చీరకు పన్ను 600 రూపాయలు. అదే ధర రెడీమేడ్ షేర్వానీకి 2,160. పూర్తిగా పన్ను లేనివి కొన్నే: గాంధీ టోపీ, జాతీయ జెండా, ఖాదీ నూలు, ఖాదీ కమిషన్ గుర్తింపు ఉన్న దుకాణాల్లో అమ్మే ఖాదీ గుడ్డ. ఖాదీ గుడ్డ విషయంలోనూ 1939 నాటి షరతు మరో రూపంలో కనిపిస్తుంది. సరుకుతో పాటు అమ్మే దుకాణమూ లెక్కే.

ఆన్‌లైన్ వేదికలు

జీఎస్టీ చట్టం చిన్న వర్తకుడికి నమోదు నుంచి మినహాయింపు ఇస్తుంది. సరుకులు అమ్మేవారికి ఆ పరిమితి చాలా రాష్ట్రాల్లో 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షల రూపాయల వార్షిక టర్నోవరు. తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఏటా 30 లక్షల వ్యాపారం చేసే బట్టల దుకాణానికి కర్నూలులో నమోదు అక్కర్లేదు, హైదరాబాద్‌లో తప్పదు.

ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవారికి మొదట్లో ఈ మినహాయింపు కూడా లేదు. రోజుకు ఒక్క కుర్తీ అమ్మినా నమోదు చేసుకోవాల్సిందే. 2018 అక్టోబరు నుంచి వేదికలు అమ్మకందారు రాబడిలో 1 శాతం ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టడం మొదలుపెట్టాయి. 2024 జులైలో అది అర శాతానికి తగ్గింది.

2023 అక్టోబరు 1న తలుపు కొంత తెరుచుకుంది. టర్నోవరు పరిమితి దాటని అమ్మకందారు నమోదు లేకుండానే వేదికల మీద అమ్మవచ్చు. పాన్ ఆధారంగా జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. వ్యాపారం ఒకే రాష్ట్రం నుంచి సాగాలి. సరుకు ఆ రాష్ట్రం దాటకూడదు. వీరి రాబడి నుంచి వేదిక పన్ను పట్టుకోదు.

పురానాపూల్ దర్వాజా దగ్గర ఇంట్లోనే కుర్తీలు కుట్టి అమ్మే మహిళను ఊహిస్తే ఈ షరతులు తేలిగ్గా అర్థమవుతాయి. ఏడాది అమ్మకాలు 18 లక్షలు. నల్గొండ నుంచి వచ్చిన ఆర్డరు ఆమె పంపవచ్చు, గుంటూరు నుంచి వచ్చింది పంపకూడదు. 2014 జూన్ 2కు ముందు రెండూ ఒకే రాష్ట్రంలోని ఊళ్లు.

ఇక లెక్క. కుర్తీ ధర 600 రూపాయలు, దానికి కొన్న గుడ్డ 300, గుడ్డ మీద జీఎస్టీ 15. వేదిక కమిషన్ 90 అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ 16 రూపాయల 20 పైసలు. నమోదు లేదు గనుక ఈ 31 రూపాయల 20 పైసలు ఆమె తిరిగి రాబట్టుకోలేదు. నమోదు ఉన్న వర్తకుడు అదే కుర్తీని పన్నుతో కలిపి 600కు అమ్మితే కట్టాల్సిన పన్ను 28 రూపాయల 57 పైసలు. ముందే కట్టిన 31.20 దానికి సరిపోతుంది. కుర్తీకి రెండున్నర రూపాయలకు పైగా అతనికే ఎక్కువ మిగులుతుంది. ఈ లెక్కన మినహాయింపు ఆమెకు పన్ను మిగల్చడం లేదు. అది తప్పించేది నెలనెలా రిటర్నుల పని, అకౌంటెంటు ఫీజు.

తగ్గింపు ధరలకూ ఇదే చట్టం వర్తిస్తుంది. 2,700 రూపాయల చీటీ ఉన్న గాగ్రాను అమ్మకందారు తానే బిల్లులో తగ్గించి 2,400కు ఇస్తే 5 శాతమే పడుతుంది. ఆ 300 వేదిక అమ్మకందారుకు చెల్లిస్తే అది ధరలో భాగమే. పన్ను 18 శాతానికి చేరుతుంది.

అమెరికాలో మరో పద్ధతి

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీలో మామూలు దుస్తుల మీద అమ్మకపు పన్ను లేదు, ఆన్‌లైన్‌లో కొన్నా అంతే. న్యూయార్క్‌లో 110 డాలర్ల లోపు దుస్తులకే రాష్ట్ర పన్ను మినహాయింపు. 2018 జూన్‌లో వేఫేర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, తమ రాష్ట్రంలో దుకాణం లేని ఆన్‌లైన్ సంస్థల నుంచీ రాష్ట్రాలు పన్ను రాబట్టుకునే వీలు కలిగింది. తర్వాత ఆ వసూలు బాధ్యతను చాలా రాష్ట్రాలు వేదికలకే అప్పగించాయి. అక్కడ మినహాయింపు వస్త్రానికి వర్తిస్తుంది, అమ్మేది పెద్ద సంస్థైనా చిన్న దుకాణమైనా తేడా లేదు. ఇక్కడ బట్ట మీద పన్ను దాదాపు అందరికీ ఉంది. మినహాయింపు పరిమితి లోపలి చిన్న వర్తకుడిది, అదీ సొంత రాష్ట్రం హద్దుల్లో.